ఇచ్చోడ హాస్టల్లో ఈగలు తినే మొక్క

ఇరవై ఎనిమిదేళ్లు నేను ఒకే మొక్క బొమ్మను నల్లబల్ల మీద గీశాను. రెండు పెదవులు, వాటి అంచుల్లో పళ్లు, మధ్యలో చావబోతున్న ఒక ఈగ. ఈగను బాగా గీస్తానని పేరుంది. మొక్క సంగతి చెప్పలేను, ఎందుకంటే దాన్ని ఎప్పుడూ చూడలేదు. కరీంనగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పడానికి వృక్షాలను చూసి ఉండాలన్న నిబంధన ఎక్కడా లేదు. పిల్లలూ చూడలేదు. పుస్తకంలో బొమ్మ వేసినాయన చూశాడని కూడా నాకు నమ్మకం లేదు, ఎందుకంటే ఆయన ఈగ నా ఈగంత బాగుండదు. ఇట్లా చూడనివాళ్లం చూడనివాళ్లకు చెప్పుకుంటూ, ఆ మొక్కను రెండు మార్కుల ప్రశ్న రూపంలో క్షేమంగా కాపాడుకుంటూ వచ్చాం.

రిటైర్మెంటుకు మూడేళ్లు ఉన్నాయనగా నాకు బుద్ధి పుట్టింది. పోయేలోగా ఒక్క తరగతికైనా అసలు మొక్కను చూపించాలి. అది నిజంగా నోరు మూయాలి, పిల్లలు నిజంగా చూడాలి. అంతే. పెద్ద కోరికేమీ కాదు. మా స్టాఫ్ రూములో ఇంతకంటే చాలా పెద్ద కోరికలున్నవాళ్లు ఉన్నారు, వాళ్లవన్నీ తీరాయి.

మొక్క ఆన్‌లైన్‌లో తేలిగ్గానే దొరికింది. అరచేతిలో పట్టే కుండీ, కుండీలో నాచు, నాచులో మొక్క. బల్ల మీద నేను మూరెడు గీసే నోరు నిజానికి బొటనవేలి గోరంత ఉంది. మా ఆవిడ కళ్లద్దాలు తెచ్చుకుని మరీ చూసింది.

"గిదేనా ఈగలను తినేది? దీన్ని జూస్తే ఈగలకే జాలనిపిస్తది."

దాని షరతులన్నీ కుండీతో వచ్చిన కాగితంలో ఉన్నాయి, పెళ్లిచూపుల్లో చెప్పని సంగతులు పెళ్లయ్యాక చెప్పినట్టు. బోరునీళ్లు పోయకూడదు, ఉప్పు తగిలితే వేరు కాలుతుంది. ఎరువు వేయకూడదు. ముఖ్యంగా, ఇది చలిదేశం బురదలో పుట్టిన మొక్క కనుక చలికాలం మూడు నెలలు నిద్రపోవాలి. ఆ నిద్రలో ఆకులు నల్లబడతాయి, చచ్చినట్టే కనిపిస్తుంది, చావదు. నిద్ర పట్టకపోతే మాత్రం ఎండాకాలంలో అలసిపోయి నిజంగానే చస్తుంది. ఈ నిద్రను పుస్తకంలో సుప్తావస్థ అంటారు. ఆ మాట నేను బల్ల మీద లెక్కలేనన్నిసార్లు రాశాను. దాన్ని ఇంట్లో ఏర్పాటు చేయాల్సి వస్తుందని అనుకోలేదు.

మొదటి ఏడు మొక్కను బాల్కనీలో పెట్టి చలి కోసం ఎదురు చూశాను. కరీంనగర్‌కు చలి రాదని కాదు. వస్తుంది, చుట్టపుచూపుగా. పొద్దున మఫ్లర్ కట్టుకుని పాల ప్యాకెట్‌కు పోయినవాడు పదకొండింటికి ఫ్యాను కింద కూర్చుంటాడు. చుట్టూ ఉన్న గుట్టలు పగలు తిన్న ఎండను చీకటి పడ్డాక నెమ్మదిగా మా మీదికి ఊదుతాయి. మొక్క చలికాలమంతా కళ్లు తెరుచుకునే ఉంది. ఏప్రిల్‌లో నేను పేపర్లు దిద్దడానికి వాల్యుయేషన్ క్యాంపుకు పోయి వచ్చేసరికి మూసింది.

రెండో ఏడు ఇంకో మొక్క తెప్పించి, ఇంటర్నెట్‌లో పెద్దలు చెప్పినట్టు ఫ్రిజ్‌లో పెట్టాను. ఫ్రిజ్ మా ఆవిడది. అందులో నాకు దక్కింది కొత్తిమీర పక్కన జానెడు జాగా. ఆమె అభ్యంతరం చెప్పలేదు, అడ్డమొచ్చినప్పుడల్లా డబ్బాను కొంచెం జరిపింది, అంతే. ఒక ఆదివారం మా బావమరిది ఇంట్లో యాటను కోశారు. మా వాటా మాంసం వచ్చింది. ఆ రోజు డబ్బా జరిగి జరిగి పై అరలోకి, ఐసు గడ్డకట్టే దాంట్లోకి వెళ్లింది. ఎనిమిది రోజుల తర్వాత తీసి చూశాను. చాలా తాజాగా ఉంది. తాజాగా చచ్చిపోయి ఉంది.

"చలి కావాలంటిరి గద?" అంది మా ఆవిడ.

"చలి అన్న. హిమాలయాలు అనలే."

"ఎంత చలి కావాల్నో చెప్తే ఎరుకైతది. నేనేమన్న బోటనీ సదివిన్నా?"

చదివినవాడు రెండు మొక్కలు చంపాడు కనుక నేను వాదన పెంచలేదు.

మూడోది పోయిన వానాకాలం వచ్చింది. ఇదే ఆఖరుదని ఇంట్లో ఒప్పందం. కాలేజీలో కూడా ఇదే ఆఖరు ఏడు, మార్చి నెలాఖరుకు నేను ఇంటికి. మొక్క ప్రయాణంలో నలిగి వచ్చింది, ఉన్న నోళ్లు మూతపడనంత నీరసంగా ఉన్నాయి. అందుకని ఆకుల రూపాంతరాల పాఠం చెప్పిన రోజు క్లాసులో మాట ఇచ్చేశాను. చలికాలం పోయి మొక్క లేచాక, మీ పరీక్షలు అయ్యేలోపల, దీన్ని తెచ్చి చూపిస్తాను అని. క్లాసు నిశ్శబ్దమైంది. కదిలిపోయారనుకున్నాను. ముందు బెంచీలో ఒక అమ్మాయి లేచింది.

"సార్, ఇంపార్టెంటా?"

"ఏంది?"

"చూసుడు సార్. చూసుడు ఇంపార్టెంటా, బొమ్మ నేర్చుకుంటే సాల్నా?"

ప్రిన్సిపాల్ గారు ఇదే ప్రశ్నను ఇంకొంచెం గౌరవంగా అడిగారు. సిలబస్‌లో ప్రత్యక్షంగా చూపించమని ఎక్కడైనా ఉందా అని. జువాలజీ చెప్పే మిత్రుడు మాత్రం హద్దుల సమస్య లేవదీశాడు. "మాంసం తింటున్నదంటే మా సబ్జెక్టులకొస్తది సార్. జర ఆలోచించుండ్రి."

పరిష్కారం పేపర్లో దొరికింది. ఏటా చలికాలం మొదటి వారంలో ఒక ఫొటో వేస్తారు. మంట చుట్టూ దుప్పట్లు కప్పుకున్న మనుషులు, పైన 'వణుకుతున్న ఆదిలాబాద్'. ఏటా అదే ఫొటో అని నా అనుమానం, మనుషులు మాత్రం ప్రతి ఏడూ నిజంగానే వణుకుతారు. మా అక్కను ఇచ్చినది ఆ జిల్లాలోనే, ఇచ్చోడ. ఊరి చివర ఇల్లు, ఇంటి వెనుక పశువుల కొట్టం, దాని వెనుక పత్తిచేను. అక్కడి చలి మీద నాకు చిన్నప్పటి నుంచీ గౌరవం ఉంది. ఫోన్ చేస్తే బావ ఎత్తాడు.

"బావా, ఒక మొక్కను మూడు నెలలు మీ ఇంట్ల ఉంచాలె."

"మాకు మొక్కల కరువా బామ్మర్ది? ఎనుక నాలుగెకరాలు మొక్కలే ఉన్నయ్."

"ఇది చలికి పండుకోవాలె. ఇక్కడ నిద్ర పడ్తలేదు. శివరాత్రి దాటినంక వచ్చి తీస్కపోత."

బావ కాసేపు ఆలోచించాడు. "సమజైంది. ఇంటికాడ సదువుతలేడని హాస్టల్ల ఏస్తున్నవన్న మాట."

మా ఆవిడ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. తల ఎత్తకుండానే అంది. "నన్ను తల్లిగారింటికి పంపనీకె మూడు దినాలు ఆలోచన చేస్తరు. దానికి మూడు నెలలు సెలవిచ్చిండ్రు."

నీళ్ల సమస్య మిగిలింది. బోరునీళ్లు పనికిరావు, ఇచ్చోడలో ఉన్నవి బోరునీళ్లే. ఉప్పు లేని నీళ్లు బజారులో బ్యాటరీల దుకాణంలో దొరుకుతాయి. దుకాణం భాయ్ నన్ను చాలాకాలంగా ఎరుగును.

"ఇన్వర్టర్ తీస్కున్నరా సార్?"

"లేదు భాయ్. మొక్కకు."

ఆయన చేతిలో ఉన్న డబ్బా కింద పెట్టాడు. "మొక్కకు బ్యాటరీ నీళ్లా! క్యా సార్, మా ఇంట్ల మనుషులే బోరునీళ్లు తాగుతున్నరు." తర్వాత లోపలికి పోయి ఇరవై లీటర్లు సర్ది ఇచ్చాడు. ఆ రోజు నుంచి నన్ను ఎక్కడ చూసినా ఒకటే పలకరింపు. "సార్, మొక్క చార్జింగ్ ఎట్లుంది?"

కార్తీకం వెళ్లాక ఒక ఆదివారం నేను, మొక్క, ఇరవై లీటర్ల నీళ్లు బస్సెక్కాం. నిర్మల్ దాటాక కండక్టరమ్మ నా ఒడిలో డబ్బాను వేలితో పొడిచింది.

"ఏముంది ఇండ్ల?"

"ఈగలను తినే మొక్క."

ఆమె ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "మా డిపో క్యాంటీన్ల ఇచ్చిపోరాదు? కడుపు పగిలి సస్తది."

అక్క మొక్కను గుమ్మంలోనే అందుకుంది. రెండు చేతులతో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, మా కుటుంబంలో ఇంటికి వచ్చిన ప్రతి పసిపిల్లను చూసి అనే మాటే అంది.

"సన్నగున్నది. తింటలేదా?"

నేను లెక్చరర్ని కనుక చెప్పడంతో ఆగలేదు, కాగితం మీద రాసి తెచ్చాను. కాగితాన్ని వంటింటి తలుపుకు అంటించి, చదివి, వివరించి, ప్రశ్నలున్నాయా అని కూడా అడిగాను. ఆరుబయటే ఉంచాలి, ఇంట్లోకి తేవద్దు. నేను తెచ్చిన నీళ్లే పోయాలి. నోళ్లలో ఊరికే వేలు పెట్టి మూయించొద్దు, ప్రతి నోరూ నాలుగైదుసార్లకు మించి మూయలేదు, తర్వాత ఎండిపోతుంది. ఈ వాక్యం కింద గీత కొట్టాను. ఏమీ తినిపించవద్దు. దీని కింద రెండు గీతలు కొట్టాను.

"ఏమీనా?" అంది అక్క.

"ఏమీ."

"మూడు నెలలు?"

"పండుకున్నదానికి తిండెందుకక్కా?"

అక్క తలూపింది. ఆ తలూపును నేను అంగీకారం అనుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్లు క్లాసులో తలూపులు చూసినవాడికి ఆమాత్రం తెలిసి ఉండాల్సింది.

తర్వాత ప్రతి ఆదివారం ఫోన్ చేశాను. ప్రతి ఆదివారం అక్క ఒకటే మాట చెప్పింది. "మంచిగున్నది తమ్మీ. పండుకున్నది. ఫికర్ చెయ్యకు." ఫొటో పంపమంటే ఫోన్‌లో ఏదో చెడిందనేది. ఆ చెడిన ఫోన్ నుంచే రోజూ పొద్దున మా ఇంటికి శుభోదయం గులాబీలు వచ్చేవి.

పుష్యమాసంలో చలి ముదిరింది. పేపర్లో మంట ఫొటో మొదటి పేజీకి ఎక్కింది. కరీంనగర్ మొత్తంలో ఆ వార్త చదివి సంతోషించినవాడిని నేనొక్కణ్నే అయి ఉంటాను. వెంటనే ఫోన్ చేశాను.

"అక్కా, చలి ఎట్లుంది?"

"సచ్చిపోతున్నం తమ్మీ. మోకాళ్లు వంగుతలెవ్వు. మీ బావకు దగ్గు."

"మంచిది. మొక్క?"

ఆ 'మంచిది' నా నోటి నుంచి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. అవతల బావ గొంతు దూరం నుంచి వినబడింది, దగ్గుతో సహా. "నేను బతికే ఉన్నా అని గూడ చెప్పు. అడిగితేనే చెప్పు."

శివరాత్రికి చలి శివశివా అనుకుంటూ పోతుందంటారు. ఆ మరునాడే తెల్లారేసరికి నేను ఇచ్చోడలో దిగాను. పరీక్షలు మొదలు కావస్తున్నాయి. మొక్కను తెచ్చి ఎండలో పెడితే నాలుగు వారాల్లో కొత్త నోళ్లు వస్తాయి, పిల్లల ఆఖరి పరీక్షకు సరిగ్గా అందుతుంది. లెక్క అంతా వేసుకునే వచ్చాను.

అక్క కాళ్లకు నీళ్లిచ్చింది. పీట వేసింది. నాటుకోడి కూర, జొన్నరొట్టెలు.

"మొక్క ఏదక్కా?"

"ముందుగాల తిను."

తిన్నాను. మొక్క అన్నాను. ఇంకో రొట్టె వేసింది. అదీ తిన్నాను. మొక్క అన్నాను. "చాయ్ పెడ్త," అంది.

అప్పుడు నాకు అర్థమైంది. మా దిక్కు చావు కబురు చెప్పే పద్ధతి ఇదే. కబురు వింటే స్నానమయ్యేదాకా ముద్ద ముట్టకూడదు. అందుకని దూరం నుంచి వచ్చినవాడికి ముందు కడుపునిండా పెడతారు, తర్వాత చెప్తారు. బాపు పోయిన రోజు కూడా నాకు ముందు అన్నమే పెట్టారు. అడిగి అడిగి వడ్డించారు. నాటుకోడి దాకా వచ్చిందంటే ఇది చిన్న కబురు కాదు.

"ఎప్పుడు పోయింది?" అన్నాను.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రెండో పత్తి ఏరుడప్పుడు. నీ సెట్టు మా ఇంట్ల నిలువలే తమ్మీ."

"ఫోన్ల చెప్పుమని నేను మొత్తుకున్న," అన్నాడు బావ. "వాడు పరేషానైతడు అన్నది. నువ్వు పరేషాన్ కాకూడదని రెండు నెలలు మేము పరేషానైనం."

"ఏం పెట్టినవక్కా?"

"కైమ."

"ఎంత?"

"గింతే. గోరంత. ఉప్పూకారం లేకుంటనే. గా మాత్రం నాకు తెల్వదా?"

"కాగితం సదివినవా?"

"దినాం సదివిన."

"ఏమీ తినిపించవద్దని రాసిన గద. రెండు గీతలు గూడ కొట్టిన."

"రాసినవ్. మొహమాటానికి రాసినవనుకున్న." అక్క ముఖంలో నిజంగా ఆశ్చర్యం. "ఎవ్వలింటికన్న పోతే నువ్వైనా గట్లనే అంటవ్ గద, వద్దు వద్దు, ఏమొద్దు అని. వద్దన్నరని పెట్టకుంట ఉంటరా?"

ఇప్పుడే మూడో రొట్టె వద్దన్నాను, అది నా కడుపులోనే ఉంది.

మిగతా కథ ముక్కలు ముక్కలుగా వచ్చింది. మొదటి ఆదివారం కైమ పెడితే నోరు మూసింది. తిన్నదని అక్క సంబరపడింది. ఎదురింటి మరాఠీ ఆయి "కాయ్ ఖాతే?" అంటూ వచ్చింది, ఏం తింటదో తనే చూద్దామని జొన్నరొట్టె తునక పెట్టింది. ఇంకొకామె చేప పెట్టింది. వీధివాళ్లంతా తలా ఒక నోరు పంచుకుని, అతిథి ఉపవాసం ఉండకుండా చూసుకున్నారు. నోళ్లన్నీ కుళ్లి నల్లబడ్డాయి. చలికి ఇట్లా అయ్యిందని అక్క దాన్ని పొయ్యి పక్కకు తెచ్చింది. ఇంకా వాడింది. బోరునీళ్లు గోరువెచ్చగా కాచి పోసింది.

"నేను తెచ్చిన నీళ్లు?"

అక్క బావ వైపు చూసింది. బావ పైకి చూశాడు.

"ట్రాక్టర్ బ్యాటరీల పోసిన," అన్నాడు చివరికి. "మంచి నీళ్లు బామ్మర్ది. ఇంత చలిల గూడ ఒక్క సెల్ఫుకే లేస్తున్నది. అబద్ధమాడొద్దు."

చివరికి ఒకరోజు మొక్క మొత్తం నల్లబడింది. పానం పోయిందని బావ ప్రకటించాడు. చచ్చినదాన్ని గడప లోపల ఉంచకూడదని అక్క కుండీని తీసుకుపోయి కొట్టం వెనుక పెట్టింది. పారేయలేదు, ఎందుకంటే నేను వచ్చి అడిగితే చూపించడానికి ఏదైనా ఉండాలి కదా. తర్వాత ఆ వైపు పోవడానికి ఆమెకు మనసొప్పలేదు.

"చూపించు," అన్నాను.

"సచ్చినదాన్ని ఏం జూస్తవ్?"

"మా సదువే అది గదక్కా. చచ్చినవాటిని చూసుడు."

కొట్టం వెనుక గోడ ఉత్తరం వైపు. ఎండ పడదు. రేకుల కప్పు అంచు కింద, గొడ్లు తొక్కకుండా రెండు రాళ్ల మధ్య కుండీ ఉంది. ఎదురుగా పత్తికట్టె ఎండి నిలబడి ఉంది. మొక్క స్థానంలో నల్లటి పీచు ముద్ద. నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. రెండో మొక్కను చూసినప్పుడు నవ్వొచ్చింది, ఇప్పుడు రాలేదు. ముందు బెంచీ అమ్మాయి ప్రశ్నకు జవాబు చెప్పే అవకాశం ఇక ఉండదు. ఆ మాట ఎవరికీ చెప్పుకునేది కూడా కాదు. చెప్పుకుంటే ఏమంటారు, గోరంత మొక్క కోసమా అంటారు.

అప్పుడు నాచు పచ్చగా ఉండడం గమనించాను. వేలు పెడితే తడిగా ఉంది. రెండు నెలలు ఎవరూ నీళ్లు పోయని కుండీ తడిగా ఎట్లా ఉంటుంది? పైకి చూశాను. పొద్దుటి మంచు రేకుల మీద చెమ్మై, అంచుకు జారి, ఇంకా ఒక్కొక్క చుక్కగా కుండీలో పడుతోంది. ఉప్పు లేని నీళ్లు. నేను బజారులో మోసి, బస్సులో మోసి, చివరికి ట్రాక్టర్‌కు తాగించిన నీళ్లు. అవి ఇక్కడ ప్రతి పొద్దునా ఆకాశం నుంచి తేరగా పడుతూ, అక్క పోసిన బోరునీళ్ల ఉప్పును కూడా కడిగేస్తూ ఉన్నాయి.

చచ్చిన ఆకులను గోటితో పక్కకు తీశాను. మధ్యలో, మెంతి మొలకంత, వంగిన పచ్చటి కొక్కెం. దాని పక్కన ఇంకొకటి.

"బతికే ఉన్నది," అన్నాను.

అక్క వంగి చూసింది. నమ్మలేదు. మోకాళ్ల సంగతి మరిచిపోయి నా పక్కన నేల మీద కూర్చుంది. "గిదేంది తమ్మీ, ఇది పండుకున్నదా?"

"పండుకున్నది."

రెండు నెలలుగా ఆమె అబద్ధం అనుకుంటూనే ఫోన్లో నాకు చెప్పినదంతా నిజమే. మంచిగానే ఉంది. పండుకునే ఉంది. ఫికర్ చేయాల్సిన పని లేకపోయింది. చలి, నీడ, మంచునీళ్లు, తిండి లేకపోవడం, ఎవరూ తొంగి చూడకపోవడం. నా కాగితంలో ఉన్న ప్రతి నిబంధనా అక్షరాలా అమలైంది, కాకపోతే మొక్క చచ్చిపోయిందని తేల్చుకున్న రోజు నుంచి.

బావ వెనుక నిలబడి సంగతి అంతా తూకం వేశాడు. "అంటే, మేము మంచిగ చూసుకున్నన్ని దినాలు సావొచ్చింది. ఇడిసిపెట్టినంక బతికింది."

"అంతే బావా."

"మరి గా కాగితంల గా ముక్క రాస్తే సరిపోతుండె గద. నాలుగు లైన్లెందుకు?"

కరీంనగర్ ఎండ దానికి నచ్చింది. వారం వారం ఒక్కో కొక్కెం విచ్చుకుంది. మార్చి మూడో వారానికి ఆరు నోళ్లు, లోపల ఎర్రగా, తాజాగా. కాలేజీలో క్లాసులు అప్పటికే అయిపోయాయి. పిల్లలు వేరే కాలేజీలో పరీక్షలు రాస్తున్నారు. వృక్షశాస్త్రం రోజున వృక్షశాస్త్రం లెక్చరర్ సెంటర్ దరిదాపుల్లో కనిపించకూడదు. కనుక ఆఖరి రోజు దాకా ఆగి, ఆఖరి పేపరు రోజున డబ్బా పట్టుకుని గేటు ముందు వేపచెట్టు నీడన నిలబడ్డాను. కానిస్టేబుల్ వచ్చాడు.

"ఏముంది సార్ డబ్బాల? చిట్టీలా?"

మూత తీసి చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. "గీ వయసుల మీకు గీ కష్టమేంది సార్," అని ఎండలో ఉన్న తన కుర్చీ తెచ్చి నా పక్కన వేశాడు.

గంట కొట్టాక పిల్లలు బయట పడ్డారు. చాలామంది నన్ను చూసి చూడనట్టు పోయారు, జవాబులు అడుగుతానని భయం. ముందు బెంచీ అమ్మాయి మాత్రం ఆగింది. ఆమెతో ఇద్దరు, వాళ్లతో నలుగురు.

"సార్, గిదేనా? మీరు బోర్డు మీద గంత గీసిండ్రు!"

"భయపడతారని పెద్దగ గీసిన. బోటనీల వచ్చిందా ఇది?"

"రాలే సార్."

రాదని నాకు తెలుసు. లోపల ఒక్కో పెదవికి మూడు వెంట్రుకలుంటాయి, ఒకసారి తాకితే నమ్మదు, వెంటనే రెండోసారి తాకితేనే మూస్తుందని చెప్పాను. ఇది నేను ఎన్నోసార్లు చెప్పిన వాక్యమే. ఆమె పెన్ను మొనతో ఒకసారి తాకింది. ఏమీ కాలేదు. గుంపు నవ్వింది. రెండోసారి తాకింది.

చప్పుడేమీ ఉండదు దానికి. నేను ఊహించుకున్న దాంట్లో ఏదో చప్పుడుండేది. నోరు మూసుకుంది, పెన్ను మొన లోపల ఇరుక్కుంది, ఆ అమ్మాయి అబ్బా అని చేయి వెనక్కి లాక్కుంది. పెన్ను వేలాడుతూ ఉండిపోయి, తర్వాత జారింది. పోయినవాళ్లు కూడా కొందరు వెనక్కి వచ్చారు.

"మళ్లొకసారి సార్," అంది ఆ అమ్మాయి.

ఇరవై ఎనిమిదేళ్లలో నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. ఊరికే మూయించొద్దని గీత కొట్టి రాసినవాడిని నేనే. ప్రతి నోటికీ ఉన్న మూతలు కొన్నే అని తెలుసు. ఉత్త మూత మొక్కకు దండగ అని తెలుసు. కుండీని రెండో నోరు వాళ్ల వైపు వచ్చేలా తిప్పాను. తర్వాత మూడోది. కానిస్టేబుల్ కూడా ఒకటి మూశాడు. ఆరోది అయ్యాక పిల్లలు ఆటోలెక్కారు. ముందు బెంచీ అమ్మాయి ఆటోలోంచి తల బయట పెట్టి, "బాగుంది సార్," అంది. ఇంపార్టెంటా కాదా అన్నది చెప్పలేదు.

మొక్కను ఇంటికి తెచ్చి బాల్కనీలో పెట్టాను. ఆరు నోళ్లూ గట్టిగా మూసుకుని ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ ఏమీ లేదు. రిటైరయ్యే మనిషి పక్కన పెట్టుకోవడానికి అంత మంచి దృశ్యం కాదు. అక్క ఫోన్ చేసింది.

"పిల్లలు జూసిండ్రా తమ్మీ?"

"చూసిండ్రక్కా. ఆరుసార్లు మూసింది."

"మంచిగైంది. ఏం తిన్నది?"

"ఏం తినలే. పెన్నులతో ముట్టిండ్రు."

అవతల అక్క గొంతు పెరిగింది. "పెన్నులా! గంతమందిల నిలబెట్టి, ఉత్త నోరు మూయించి, ఉపాసంతోని ఇంటికి తీస్కొచ్చినవా? మా ఇంట్ల ఉన్నప్పుడు కైమ తిన్నది తమ్మీ అది."

బావ గొంతు వెనుక నుంచి వచ్చింది, ఈసారి దగ్గు లేదు. "మళ్ల కార్తీకం పోయినంక తెచ్చి ఇడిసిపెట్టుమను. మేమస్సలు చూసుకోమని చెప్పు."